బావ ఏరుకున్న ఐదో సింఫనీ

మా బావకి ఏదైనా ఒక్కటి చూపిస్తే సరిపోదు, రెండు చూపించాలి. రెండూ చూపించాక మొదటిది మళ్ళీ చూపించమంటాడు. కళ్ళజోళ్ళ షాపు పెట్టి ముప్ఫై ఏళ్ళవుతోంది కదా, ఆ వృత్తి రోగం ఒంటికి పట్టేసింది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన గుండ్రటి టెస్టు ఫ్రేము తగిలించి, అందులో అద్దం తీసి అద్దం పెడుతూ "ఇది బాగుందా, అది బాగుందా? ఒకటా, రెండా?" అని పొద్దస్తమానం అడుగుతూనే ఉంటాడు. ఇంటికొచ్చాక సబ్బు దగ్గరా అదే, చెప్పుల దగ్గరా అదే. ఒకసారి మా అక్క టీ ఇస్తే, "నిన్నటిది కూడా ఉంటే పోల్చి చూసేవాణ్ణి" అన్నాడు. మా అక్క ఉన్న టీ కూడా వెనక్కి పట్టుకుపోయింది.

నేను ఆయనకి మరదల్ని. ఆయన షాపు పక్కనే నాది, బట్టలు సరిచేసే షాపు. జిప్పులు మారుస్తాను, ప్యాంట్ల అంచులు మడిచి కుడతాను, పెళ్ళయ్యాక లావైనవాళ్ళ కోట్లు వదులు చేస్తాను. మా రెండు షాపులకీ మధ్య ఉన్నది గోడ కాదు, రంగేసిన చెక్క. అటు తుమ్మితే ఇటు నేను చిరంజీవ అంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా చెప్పుకుంటుంది. నిజమే. కానీ అరంగుళం తగ్గించమని ఇచ్చి, తీసుకునే రోజున "అంగుళం అన్నాను కదమ్మా" అంటే ఎవరికి రాదండీ కోపం.

బావకి ఇంకో జబ్బుంది. ఎవరి కళ్ళజోడైనా వంకరగా కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. బస్సులో పక్కవాడిదైనా సరే, ఎదురింటాయనదైనా సరే, అడగడం కూడా లేకుండా రెండు వేళ్ళతో సరిచేసేస్తాడు. ఒకసారి పోస్టాఫీసులో కిటికీలోంచి చెయ్యి పెట్టి గుమస్తా కళ్ళజోడు సరిచేశాడు. ఆవిడ హడలిపోయి వాచ్‌మన్‌ని పిలిచింది. వాచ్‌మన్ కళ్ళజోడు ఇంకా వంకరగా ఉంది.

మా అక్కని కట్టుకున్నది కూడా ఆ జబ్బు వల్లే. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట మా అక్క పట్టణం లైబ్రరీలో, మేడ మీద సంగీతం గదిలో పనిచేసేది. ఎవరైనా వచ్చి ఫలానా రికార్డు కావాలంటే, కౌంటరు మీదున్న ప్లేయరులో పెట్టి, వాళ్ళకి హెడ్‌ఫోన్లు ఇచ్చేది. పాట హెడ్‌ఫోన్లలోనే వస్తుంది, గదిలో చప్పుడుండదు. బావ అప్పుడే షాపు తెరిచిన కుర్రాడు. ఒక గురువారం వచ్చి కాసేపు విని, హెడ్‌ఫోన్లు మెడ మీదకి దించుకుని, తిరుగుతున్న ప్లేయరు మీదుగా చెయ్యి చాచి, మా అక్క కళ్ళజోడు సరిచేశాడట. "ఇప్పుడు బాగుందా?" అన్నాడట. "ఇందాక ఎలా ఉండేదో మర్చిపోయాను" అందట మా అక్క. ఈ కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకుని ఉంటాం.

ఆ రోజు బావ వింటున్నది ఐదో సింఫనీ. మీకూ తెలిసే ఉంటుంది. చెవుడొచ్చినా రాయడం మానని ఆ పెద్దాయనది, ఎవరో తలుపు దబదబా బాదినట్టు మూడు పొట్టి దెబ్బలూ ఒక పొడుగు దెబ్బతో మొదలవుతుందే, అదే. నాకు సంగీతం తెలీదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా చెక్కకి అవతల అద్దాలు అరగదీస్తూ మనిషి కూనిరాగం తీస్తూ ఉంటే, రాయి కూడా నేర్చుకుంటుంది. నా కుట్టుమెషిను కూడా ఇప్పుడు ఆ దెబ్బల లెక్కకే నడుస్తుంది.

విచిత్రం ఏమిటంటే, ఇంత పిచ్చి ఉన్న మనిషి ఇంట్లో ఆ సింఫనీ రికార్డు ఒక్కటి కూడా లేదు. ఆరేళ్ళ కిందట పాత సామాన్ల సంతలో ముచ్చటపడి ఒక ప్లేయరు కొన్నాడు. రికార్డు మాత్రం కొనలేదు. ఎందుకంటే ఏది కొనాలో తేలలేదు. ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు వాయించింది వేగంగా ఉంటుందట, ఇంకొకళ్ళది గంభీరంగా ఉంటుందట, ఒక కండక్టరు చివర్లో బాగా చేస్తాడట, ఇంకొకాయన మొదట్లో. నాకు తెలిసిన కండక్టరు టిక్కెట్లు కొట్టేవాడు ఒక్కడే, వాడు మొదట్లోనూ బాగుండడు, చివర్లోనూ బాగుండడు. మొత్తానికి ఆ ప్లేయరు మీద మా అక్క గుడ్డ కప్పి, పూలకుండీ పెట్టింది. బావ గురువారం గురువారం లైబ్రరీకి వెళ్ళి వినొస్తూనే ఉన్నాడు.

అలాంటి మనిషికి మొన్న ఆ మేడ మీద గది తలుపుకి అంటించిన కాగితం కనిపించింది. గది మూసేస్తున్నారు. అందులో పిల్లలు చదువుకోడానికి బల్లలు వేస్తారట. పాత సభ్యులు తలా ఒక రికార్డు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, ఒక్కటే. కావలసింది చీటీ మీద రాసి శనివారం పన్నెండు లోపు పెట్టెలో వెయ్యాలి. ఎవరూ అడగనివీ, పాడైనవీ ఆ సాయంత్రం పాత సామాన్లవాడి బండెక్కుతాయి.

బావ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్కటే అట" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు తప్పించుకున్న ప్రశ్న ఇంటికొచ్చి తలుపు కొట్టింది, అదీ శనివారం లోపు.

లైబ్రరీలో ఆ సింఫనీవి నాలుగు రికార్డులున్నాయి. అట్టల రంగులతోనే పిలుస్తాం మేము. ఎర్ర అట్టది పరుగో పరుగు. రిటైరైన రైలు డ్రైవరు తాత ఒకాయన బావతో పాటు గురువారాలు వచ్చేవాడు, ఆయనకి ఎర్రదంటే ప్రాణం. "టైముకి చేరుస్తుంది అబ్బాయ్" అనేవాడు. నల్ల అట్టది నిదానం, పెద్దమనిషి తరహా. తెల్ల అట్టది జనం ముందు వాయిస్తుండగా తీసింది, అందులో రెండో భాగంలో ఎవడో హాయిగా దగ్గుతాడు. నాలుగోది నీలం అట్ట. అన్నిటికంటే పాతది, మొదట్లో లైబ్రరీలో ఉన్నది అదొక్కటే. బావ ఈ సింఫనీ నేర్చుకున్నదే దాని మీద. కానీ దాని మీద ఒక గీత పడింది. మొదటి భాగంలో అంత పెద్ద ఆర్కెస్ట్రా ఠక్కున ఆగి, సన్నాయికి దూరపు చుట్టంలాంటి ఓబో ఒక్కటే జాలిగా పాడే చోటుంది. సరిగ్గా అక్కడ ప్లేయరు ముల్లు గెంతుతుంది. ఓబో మాట సగంలో మింగేసి ఆర్కెస్ట్రా మళ్ళీ మీద పడుతుంది.

ఆ గీత గీసినవాణ్ణి బావ తిట్టని నెల లేదు. "ముందు గురువారం శుభ్రంగా ఉందే. వారం తిరిగేసరికి ఏ బుద్ధిలేనివాడో గీకిపెట్టాడు. చేతులా అవి, గునపాలా?" అనేవాడు. పెళ్ళయ్యాక లైబ్రరీ మాని షాపులో కూర్చుంటున్న మా అక్క కళ్ళజోళ్ళు తుడుస్తూ, "పాపం, ఏ పరధ్యానంలో ఉన్నాడో" అనేది. ఎప్పుడూ అదే మాట. మా అక్కకి ఊళ్ళో అందరి మీదా జాలే, నా మీద తప్ప.

మా అక్క కూతురు కాలేజీ పిల్ల. దానికి వాళ్ళ నాన్న బాధ అర్థం కాలేదు. "నాన్నా, ఇవన్నీ ఫోన్లో ఉంటాయి" అని తీసి చూపించింది. ఉన్నాయి. వేలితో తోస్తుంటే కిందకి పోతూనే ఉన్నాయి, నాలుగు వందల పైచిలుకు. బావ రెండు విన్నాడు, మొదటిది మళ్ళీ పెట్టమన్నాడు, మూడోది పెడితే మొదటిది మర్చిపోయాడు. గంటయ్యేసరికి మొహం వాడిపోయింది. "ఒక మనిషికి నాలుగు వందల అద్దాలు మార్చి చూపిస్తే వాడికున్న చూపు కూడా పోతుందే" అని ఫోను దానికి ఇచ్చేశాడు. "ఈ నాలుగే. ఈ నాలుగింటితోనే బతికాను."

నాలుగు అన్నాడు గానీ అప్పుడే నీలాన్ని తీసి పక్కన పెట్టేశాడు. పాడైన సరుకు లెక్కలోకి రాదట. అద్దం మీద గీత పడితే షాపులో అమ్ముతామా అని అడిగాడు.

గురువారం మమ్మల్ని ముగ్గుర్నీ లైబ్రరీకి తోలుకెళ్ళాడు. ఆయన లెక్కేమిటంటే, కళ్ళు టెస్టు చేసేటప్పుడు మనిషి నోటిని నమ్మకూడదు. పెద్దమనుషుల్లా కనపడాలని "బాగుంది, బాగుంది" అనేస్తారు. భుజాలు చూడాలి. సరిపడని అద్దం పెడితే మనిషి తనకి తెలీకుండానే మెడ ముందుకి చాచి, భుజాలు బిగించి కూర్చుంటాడు. సరైన అద్దం పడగానే భుజాలు వాటంతటవే కిందకి దిగుతాయి. "నోరు అబద్ధం చెప్తుంది గానీ భుజం చెప్పదు" అంటాడు. అంచేత మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, హెడ్‌ఫోన్లు తగిలించి, ఏది పెడుతున్నాడో చెప్పకుండా ఎరుపు, నలుపు, తెలుపు వినిపించి, మా భుజాలు చూస్తూ పుస్తకంలో రాసుకున్నాడు. లైబ్రరీ మేడం తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయింది.

నా భుజాలు నల్లదానికి దిగాయట. దిగవా మరి, నిద్రపోయాను. పిల్లకి తెల్లదానిలో దగ్గు నచ్చింది. "ఆయన ఇప్పుడు బతికే ఉన్నాడంటావా నాన్నా?" అని జాలిపడింది. మా అక్క దగ్గర మాత్రం బావ పెన్ను ఆగిపోయింది.

"నీ భుజాలు మూడింటిలో దేనికీ దిగలేదేమిటి?" అన్నాడు.

"చలేస్తోంది" అంది మా అక్క.

గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు. నేను గమనించాను, కానీ అక్కడ నోరు విప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ, అవసరమైతే నేనూ మూసుకోగలను.

మర్నాడు మధ్యాహ్నం మా అక్క నా షాపుకొచ్చింది. కుట్టడానికేమీ తేలేదు. బల్ల మీద గుండీల డబ్బా తెరిచి, ఉన్న గుండీల్ని రంగుల వారీగా ఏరుతూ కూర్చుంది. అది అలా కూర్చుందంటే కడుపులో ఏదో ఉన్నట్టు. నేను మెషిను ఆపాను.

"ఆయన నీలం అట్ట తెచ్చుకుంటే బాగుణ్ణు" అంది చివరికి.

"అదా? అది పాడైందిగా."

"మేము కలిసిన రోజు తిరుగుతున్నది అదేనే. రేపు సాయంత్రం బండెక్కించేస్తారు."

"అయితే బావకి గుర్తుచెయ్యి, మర్చిపోయుంటాడు. ఆ ముక్క చెవిన పడితే ఎగిరి గంతేసి తెస్తాడు."

"అందుకే చెప్పను" అంది మా అక్క. "చెప్తే నాకోసం తెస్తాడు. ముప్ఫై ఏళ్ళకి ఒక్కటి ఏరుకుంటున్నాడు మనిషి, అది కూడా నాకోసం వదులుకోవాలా? ఆయనకి ఆయన తెచ్చుకుంటే అది వేరు. తేకపోతే తేకపోయాడు. నువ్వు కూడా చెప్పకూడదు. ఒట్టు."

ఒట్టు వేయించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి గుర్తురాదు, ఈవిడ చెప్పదు, మధ్యన నేను గుడ్లప్పగించి చూడాలి. కందకి లేని దురద కత్తిపీటకెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ మధ్యాహ్నం ఒక ప్యాంటుకి రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను.

సాయంత్రం షాపు మూసే ముందు బావ చెక్క మీద తట్టాడు. "తేలిపోయింది మరదలా. నల్లది. అన్ని విధాలా సరిగ్గా ఉంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చీటీ వేసేసి వచ్చాను" అన్నాడు. మనిషి నవ్వుతున్నాడు గానీ, కొత్త బూట్లు కరుస్తున్నా నచ్చాయని చెప్పేవాడి నవ్వులా ఉంది. పక్కనే మా అక్క షట్టరు తాళాలు ఏరుతోంది. "మంచిదే, నిదానమైనది" అంది. గుత్తిలో ఉన్నవి మూడే తాళాలు, దానికి ఎంతసేపటికీ దొరకలేదు.

శనివారం పొద్దున మా అక్క ఇంట్లో బట్టలుతుక్కుంటూ ఉండిపోయింది. షాపులో కౌంటరు దగ్గర పిల్ల కూర్చుంది. రైలు తాత కళ్ళు చూపించుకోడానికి వచ్చి కుర్చీలో టెస్టు ఫ్రేము పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి సరిపడే అద్దం వెతకడానికి వెళ్ళిన బావ, ఎలాగూ వచ్చాను కదా అని వెనక ఎవరిదో అద్దం అరగదీయడం మొదలెట్టాడు. కూనిరాగం మొదలైంది. నేను ఇటు జిప్పు విప్పుతున్నాను. దబదబా తలుపు బాదడం అయింది, ఆర్కెస్ట్రా అంతా వచ్చి వెళ్ళింది, అన్నీ ఆగాయి, ఓబో ఒక్కటీ పాట అందుకుంది, సగంలో ఠక్కున గెంతింది.

నా చేతిలో జిప్పు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ వింటున్నాను, ఇదే గెంతు. నాకు తెలిసిన ఐదో సింఫనీ అంటే గెంతేదే. మొన్న లైబ్రరీలో నల్లది వింటూ నిద్రలోకి జారే ముందు, ఇక్కడేదో ఎక్కువైందే అనుకున్నాను కూడా. ఎక్కువవడం కాదు. మనిషి ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్నది నీలం అట్ట.

కత్తెర అక్కడ పడేసి పక్క షాపులోకి వెళ్ళాను. పిల్లతో, "మీ నాన్న రాగం నీ ఫోన్లో ఎక్కించు, నోరెత్తకు" అన్నాను. బావ పని చేసేటప్పుడు ఒకటే పాట తిప్పితిప్పి పాడతాడు కాబట్టి రెండు నిమిషాల్లో మళ్ళీ మొదటికొచ్చాడు. పిల్ల ఎక్కించింది. తర్వాత ఆయన చేత అరగదీసే మెషిను ఆపించాను.

"బావా, ఒకటి వినిపిస్తాం. ఎవరు పాడారో చెప్పు."

విన్నాడు. "ఎవడీ గాడిద గొంతు?" అన్నాడు.

"నువ్వే. ఓబో దగ్గర ఏమైందో విను."

మళ్ళీ పెట్టాం. గెంతు దగ్గర ఆయన కనుబొమలు లేచాయి. "నేనలా పాడనే. నాకు మొత్తం తెలుసు. పొరపాటున ఏదో—"

"ఇందాక కూడా అదే పొరపాటు, నిన్న కూడా అదే పొరపాటు, నా చెవులు పుట్టిన దగ్గర్నించీ అదే పొరపాటు" అన్నాను. కోపం వచ్చేసింది నాకు. "ఒకటా రెండా అని ఊరందరి ప్రాణాలూ తోడేస్తావు. నీకేది సరిపడిందో నీకే తెలీదు."

పిల్ల తెలివైంది. అప్పటికే ఫోన్లో నీలం అట్ట రికార్డునే వెతికి పట్టుకుంది. అదే ఆర్కెస్ట్రా, అట్ట మీద అదే బొమ్మ, కాకపోతే గీత లేనిది. "ఇది విను నాన్నా, శుభ్రంగా ఉంది" అని పెట్టింది. బావ కళ్ళు మూసుకున్నాడు. నేను భుజాలు చూశాను. మొదట్నించీ కిందకే ఉన్నాయి. ఓబో వచ్చింది. సగానికి వచ్చేసరికి ఆయన తల గెంతు కోసం ముందుకి ఊగింది. గెంతు రాలేదు. ఓబో తన మానాన తను పాడుకుంటూ పోయింది. బావ భుజాలు చెవుల దాకా లేచాయి.

టెస్టు ఫ్రేములోంచి రైలు తాత కూడా చూస్తున్నాడు. "అబ్బాయ్, స్టేషను దాటిపోయినట్టుందే" అన్నాడు.

బావ కళ్ళు తెరిచాడు. "ఇది కాదు" అన్నాడు. ఫోను పక్కకి నెట్టి, "ఆ గీత పడ్డదే నాది" అన్నాడు, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. గోడ గడియారం పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

షాపు పిల్లకి వదిలేసి బయల్దేరాం. లైబ్రరీ నాలుగు వీధుల అవతల. బావ ముందు, వెనక నేను మెడలో టేపుతో, నా వెనక తాత. "మీరెందుకండీ" అంటే, "నా ఎర్రది కూడా ఇవాళే ఇస్తారుగా" అన్నాడు. ముక్కు మీద ఆ గుండ్రటి ఫ్రేము ఉందన్న సంగతి ఆయనకీ గుర్తులేదు, మాకూ గుర్తులేదు. ఒక కంటికి అద్దముంది, ఒక కంటికి లేదు. అడుగులు ఎత్తెత్తి వేస్తూ, కనపడినవాళ్ళందర్నీ పలకరిస్తూ వచ్చాడు. దారి పొడుగునా జనం ఆగి చూశారు.

లైబ్రరీ మేడం అప్పటిదాకా పడ్డ చీటీలు చూసి రికార్డులు వరుసగా సర్దుకుంటోంది. నల్ల అట్ట మీద బావ పేరున్న చీటీ కట్టేసి ఉంది. బావ నీళ్ళు నమిలాడు. ముప్ఫై ఏళ్ళ సభ్యుడు, ఒక్కసారి పుస్తకం ఆలస్యంగా ఇచ్చి ఎరగడు, అలాంటిది చీటీ మార్చుకుంటానని ఎలా అడుగుతాడు? ఇక నేనే అడిగాను.

"పెట్టెలో పడ్డ చీటీ పడ్డట్టే" అంది మేడం. "ఇంతకీ ఏది కావాలి?"

"నీలం అట్టది."

మేడం నా వంక చూసింది, బావ వంక చూసింది, టెస్టు ఫ్రేముతో ఊగుతున్న తాత వంక కూడా చూసింది. ఆవిడ మా అక్కతో పాటు ఇక్కడ పనిలో చేరిన మనిషి. మెల్లిగా వంగి, బల్ల కింద 'పాడైనవి' అని రాసిన అట్టపెట్టెలోంచి నీలందాన్ని తీసింది. ఒక చేత్తో నల్లది, ఒక చేత్తో నీలం పట్టుకుంది.

"పన్నెండు కాలేదు కాబట్టి ఒక్కసారికి ఒప్పుకుంటాను. రెండూ మాత్రం కుదరదు, ఒకటి ఇక్కడే ఉండిపోతుంది" అని, ముందు నల్లదాన్నీ తర్వాత నీలందాన్నీ పైకెత్తింది. "ఒకటా, రెండా?"

మా బావ చేత ఆ ప్రశ్న అడిగించుకోని మనిషి మా వీధిలో లేడు. ఆయన్ని ఎవరైనా అడగడం నేను చూడటం అదే మొదటిసారి. మొదటిది మళ్ళీ చూపించమంటాడేమోనని గడియారం వంక చూశాను.

"రెండు" అన్నాడు బావ. మళ్ళీ చూపించమనలేదు.

మేడం నీలందాన్ని ఆయన చేతిలో పెట్టింది. "లోపల చీటీ ఉంటుంది, ఇంటికి పట్టుకెళ్ళే ముందు చూసుకోండి. రికార్డు ఏ స్థితిలో ఉందో రాసి ఉంటుంది. తర్వాత వచ్చి నన్నడగొద్దు" అని తన పనిలో పడింది. మొహం మాత్రం అటు తిప్పుకుంది.

బావ అట్టలోంచి పసుపుపచ్చబడ్డ కార్డు తీశాడు. ఆయన చదివి, మళ్ళీ చదివి, నాకిచ్చాడు. గుండ్రంగా ముత్యాల్లాంటి రాత, చూడగానే గుర్తుపట్టాను. మా అక్కది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి తేదీ, ఒక గురువారం. కింద ఇలా ఉంది: 'మొదటి వైపు గీత పడింది. కారణం: నా కళ్ళజోడు సరిచేయబోయి ఒక సభ్యుడి మోచెయ్యి ముల్లుకి తగిలింది. హెడ్‌ఫోన్లు మెడ మీద ఉండటం వల్ల ఆయనకి వినపడలేదు. నేను చెప్పలేదు.' ఆ కింద పెన్సిలుతో, చిన్న అక్షరాల్లో: 'కళ్ళజోడు ఇప్పుడు బాగుంది.'

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కోపిష్టిదానికి ఏడుపు రాకూడదని ఎక్కడా లేదుగా. టేపు కొసతో కళ్ళు తుడుచుకున్నాను. తాత ఏమైందని అడిగితే, "గీసినవాడు దొరికాడు" అని చెప్పాను. "తన్నారా?" అన్నాడు ఆయన.

బావ దారంతా రికార్డుని రెండు చేతులతో గుండెకి పట్టుకుని నడిచాడు. తాతని ఆయన ఎర్రదానితో సహా షాపులో దింపి, ఫ్రేము తీసి, "రేపు చూస్తాను మీ కళ్ళు" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి మా అక్క ముందుగదిలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. బావ చేతిలో నీలం రంగు చూసి, మడతపెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత నా వంక అనుమానంగా చూసింది. "ఒట్టు, నేను చెప్పలేదు" అన్నాను. "ఆయనకి ఆయనే. కావాలంటే నీ కూతుర్ని అడుగు."

బావ ప్లేయరు మీద పూలకుండీ తీసి కింద పెట్టాడు. గుడ్డ తీశాడు. ఆరేళ్ళకి దాని మీద మొదటి రికార్డు తిరిగింది. దబదబా తలుపు బాదిన చప్పుడు గది నిండా వచ్చేసరికి నేను ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళూ హెడ్‌ఫోన్లలో ఒక్కడే విన్నది ఇప్పుడు మా అందరి మధ్యా వినపడుతోంది. మా అక్క దుప్పటి వదలకుండానే వచ్చి ప్లేయరుకి అవతలి వైపు నిలబడింది. అన్నీ ఆగాయి. ఓబో పాడింది, గెంతింది. మా అక్క భుజాలు దిగాయి. నేను కళ్ళారా చూశాను.

"ఇరవై ఎనిమిదేళ్ళు నన్ను నాచేతే తిట్టించావా?" అన్నాడు బావ.

"తిట్టింది మీరు" అంది మా అక్క. "నేను ప్రతిసారీ పాపం అనే అన్నాను."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"చెప్తే సిగ్గుపడిపోయేవారు. తర్వాతి గురువారం రాకపోతే?" అంది. ఆ మాట అంటూ దుప్పటి కొస వేలికి చుట్టుకుంది. యాభై ఏళ్ళ మనిషి, ఆ గురువారం గురించి ఇప్పటికీ భయపడుతోంది.

బావ మా అక్క కళ్ళజోడు వంక చూశాడు. దుప్పట్లు దులిపీ దులిపీ అది ఒక పక్కకి జారి ఉంది. తిరుగుతున్న రికార్డు మీదుగా చెయ్యి చాచి, రెండు వేళ్ళతో సరిచేశాడు. మోచెయ్యి మాత్రం ఈసారి ముల్లుకి జానెడు పైకి ఎత్తి పట్టుకున్నాడు.